తలుపు చాటు ప్రార్థన

జనవరి 21, మంగళవారం

మూడు ఐడియాలు పట్టుకెళ్ళాను. మూడూ గోదాట్లో కలిశాయి.

“అమ్మా హెలెనూ, గోదావరి మీద సూర్యోదయం, వల వేసే మనిషి, వంతెన మీద రైలు. ఈ మూడూ మా ఇంట్లో క్యాలెండర్ మీద ఉన్నాయి. మళ్ళీ నువ్వు తీయడం దేనికి?” అన్నారు గణేష్‌బాబు సార్. క్లాసంతా నవ్వింది. దుర్గాసాయి కూడా నవ్వాడు, నా కెమెరామన్ అయి ఉండి.

ఫైనలియర్ ఫిల్మ్‌కి సార్ పెట్టిన షరతులు ఇవి. ఆరు నిమిషాలు. మనిషి ముఖం కనబడకూడదు. తెర మీద నటుల చేత మాటలు చెప్పించకూడదు. కథ ఉండకూడదు గానీ చూసినవాడి లోపల ఏదో జరగాలి. అంటే వండకుండా వడ్డించాలన్నమాట. నవ్వుకోవడానికి బాగానే ఉంది, కానీ చెన్నైలో సౌండ్ కోర్సుకి దరఖాస్తుతో పాటు పంపాల్సింది ఈ ఫిల్మే. ఆ సీటు రాకపోతే రాజమండ్రిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ ఉండాలి. అందులో తప్పేం లేదు. నాకొద్దు.

సాయంత్రం నిడదవోలు వచ్చే పాసింజర్‌లో చోటు లేక తలుపు దగ్గర నిలబడ్డాను. ఎవరో తలుపు వేసేశారు. అవతల గోదావరి ఉందని చప్పుడును బట్టి తెలుస్తోంది, కనబడదు. అక్కడ తట్టింది. ఆరు నిమిషాలూ మూసిన తలుపులే చూపిస్తాను. కెమెరా ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళదు.

జనవరి 25, శనివారం

పొద్దుటి నుంచి తలుపులు తీస్తున్నాం. తీయడం అంటే షూట్ చేయడం. రేషన్ డిపో షట్టరు, లారీ తలుపు, కాలువ గట్టున తాళం వేసిన పెంకుటింటి తలుపు, మా చర్చి తలుపు.

ఒకావిడ బయటికొచ్చి, “ఏంటమ్మా, సర్వేనా?” అంది. కాదండీ, సినిమా అన్నాడు దుర్గాసాయి. “తలుపుతో సినిమా ఏంటండీ? మా ఇంట్లో మనుషులు లేరేంటి?” అని తలుపు బార్లా తీసి, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడింది. మళ్ళీ వేయించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

జనవరి 28, మంగళవారం

సార్ చూశారు. “తలుపులు బాగున్నాయమ్మా. వెనకాల ఎవరూ లేరు,” అన్నారు.

కుక్కర్ విజిలూ, కుట్టుమిషనూ, సీరియల్ ఏడుపూ పెట్టాను కదా సార్ అన్నాను. “అవి తలుపు వెనకాల ఉండేవి. నాక్కావలసింది తలుపు వేసుకుని చేసేవి.”

దారంతా ఆ మాటే. తలుపు వేసుకుని ఎవరేం చేస్తారు? మా ఇంట్లో తలుపు వేసుకునేది అమ్మ ఒక్కతే.

జనవరి 29, బుధవారం

తెల్లారుతుండగా అమ్మ ఎప్పటిలాగే సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంది. ఊహ తెలిసిన దగ్గర నుంచి ఆ గొంతుతోనే నిద్ర లేస్తున్నాను. కోడికూత విన్నట్టు వింటాను గానీ మాటలెప్పుడూ పట్టించుకోలేదు.

నా ఫోను ఆ గదిలో బియ్యం డ్రమ్ము మీద ఉండిపోయింది. ఛార్జింగ్ పెట్టి మరిచిపోయాను. రికార్డర్ ఆన్‌లో ఉంది.

జనవరి 30, గురువారం

ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక నిజం ఎక్కడ రాస్తాను? మరిచిపోలేదు. పెట్టాను.

రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మా అమ్మ పేరు రూతు, అంగన్‌వాడీ టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరికి ఏ కష్టమొచ్చినా “రూతక్కా, కాస్త ప్రార్థనలో పెట్టు” అని చెప్పుకుని వెళ్ళిపోతారు. అమ్మ వాటిని ఒక్కటి కూడా మరిచిపోదు. పేరు పేరునా దేవుడికి అప్పజెబుతుంది. ఇంట్లోవాళ్ళం అయ్యాక వీధి, వీధి అయ్యాక ఊరు. ప్రతి మనవిలోనూ “నీకు తెలియనిది కాదు నాయనా” అంటుంది.

నాన్న కోసం ప్రార్థించే దగ్గర యానాం మాట వచ్చింది. ఆఫీసు పని మీద కాకినాడ అని చెప్పి యానాం వెళ్ళి తాగి వస్తున్నాడని అమ్మకి తెలుసట. నాకు తెలియదు. గబగబా ముందుకు జరిపేశాను.

తరవాత బేబి పిన్ని. మా వీధి చివరిల్లు. వాళ్ళ అత్తగారు సంతోషమ్మ గారు మంచాన పడి ఏళ్ళయింది. అక్కడికి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గించింది.

“ప్రభువా, బేబి నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. మా అత్త ఎప్పుడు పోతుందా అని చూస్తన్నానక్కా, అన్నం కలిపి పెడతా కూడా అదే ఆలోచనక్కా అంది. నీకు తెలియనిది కాదు నాయనా. ఆ ముసలామె మలమూత్రాలు ఎత్తిన చేతులు చూడు. ఆ మాట చూడకు తండ్రీ. చేతులు చూడు.”

రైలు వంతెన ఎక్కిన సంగతే తెలియలేదు. కళ్ళమ్మట నీళ్ళు. సిగ్గుపడాల్సింది పోయి, దొరికింది అనుకున్నాను. నా సినిమా దొరికింది అనుకున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఎడిటింగ్. మొదట అమ్మ గొంతు గొణుగుడులా, మాట తెలియకుండా. తలుపులు మారేకొద్దీ కాస్త కాస్త దగ్గరవుతుంది. ఆఖరి నిమిషంలో చర్చి తలుపు మీద గొంతు స్పష్టంగా. “చేతులు చూడు.” కట్.

బేబి అనే పేరు మీద కాలువ లాకుల దగ్గర నీళ్ళ చప్పుడు వేశాను. పేరు లేకపోతే ఎవరైనా కావచ్చు. ఈ జిల్లాలో మంచాన పడ్డ అత్తగార్లకి కొదవా, విసిగిపోయిన కోడళ్ళకి కొదవా?

నాన్న సంగతి మొత్తం తీసేశాను. అది సినిమాకి అక్కర్లేదు.

అమ్మకి రేపు చెబుతాను.

ఫిబ్రవరి 3, సోమవారం

చెప్పలేదు. అమ్మకి జలుబు.

ఫిబ్రవరి 5, బుధవారం

జలుబు తగ్గింది. అంగన్‌వాడీకి ఎవరో ఆఫీసరు వస్తున్నారని హడావిడిగా ఉంది. తీరిగ్గా చెప్పాల్సిన విషయం ఇది.

ఫిబ్రవరి 8, శనివారం

సార్ చివరిదాకా కదల్లేదు. అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎవరమ్మా ఈవిడ? ఎంత బాగా చేసింది!”

“తెలిసినావిడండి. స్క్రిప్టు రాసిస్తే చదివారు.”

నా నోటి నుంచి అంత నున్నగా వస్తుందని నాకే తెలియదు. బయటికొచ్చాక దుర్గాసాయి అడిగాడు. “అది మీ అమ్మగారి గొంతు కదా? మీ ఇంటికొచ్చినప్పుడు నాకు టీ ఇచ్చి మాట్లాడారు, గుర్తుపట్టాను. ఆవిడకి చూపించావా?”

“చూపించాను. బాగుందంది.”

ఒక్క పూటకి రెండు అబద్ధాలు.

ఫిబ్రవరి 13, గురువారం

సంతోషమ్మ గారు పోయారు.

కాలేజీ మానేసి అమ్మతో వెళ్ళాను. బేబి పిన్ని ఏడవడం లేదు. పెట్టె పక్కన కూర్చుని అత్తగారి కాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది, చలేస్తుందేమో అన్నట్టు. అమ్మని చూడగానే భళ్ళున ఏడ్చి, “అక్కా, నేనన్న మాట...” అంది. అమ్మ ఆమె నోటి మీద చెయ్యి పెట్టి, “ఏ మాటా లేదు. నువ్వేం అన్లేదు. ఊరుకో,” అంది. పక్కనున్నవాళ్ళు దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. అదేమిటో ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు. మూడోదాన్ని నేనని వాళ్ళిద్దరికీ తెలియదు.

సంఘ పెద్ద ఐజాక్ తాతయ్య గారు ప్రసంగంలో “ఇలాంటి కోడలు ఈ కాలంలో ఎక్కడుంది?” అన్నారు. నేను తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఆ ముక్క తీసేశాను. బదులుగా అమ్మ వానల కోసం చేసిన ప్రార్థన పెట్టాను. చూశాను. సినిమా చచ్చిపోయింది. కాలువ నీళ్ళు పెట్టాను, ఏమీ పెట్టకుండా చూశాను. అన్నిసార్లూ వట్టి తలుపులే.

మళ్ళీ పాతదే పెట్టాను. పేరు లేదు కదా. పైగా కాలేజీలో చూసేవాళ్ళెవరికీ నిడదవోలు అంటే రైలు మారే చోటు తప్ప ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 15, శనివారం

ఇచ్చేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

కాలేజీ ఫిల్మ్ పోటీలో ఫస్ట్ ప్రైజు. హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేటట్టు ఉంది. వెనక వరుసలో ఒక ఆంటీ ఎవరో కొంగుతో కళ్ళొత్తుకుంది. అయిపోయాక అరనిమిషం ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తరవాత ఆగలేదు.

ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను, నిజంగానే సంతోషంగా ఉన్నాను. స్టేజీ దిగుతుంటే మాత్రం సంతలో జేబు కొట్టినవాడు వెనక్కి చూసుకున్నట్టు గుమ్మం వైపు చూసుకున్నాను.

అమ్మానాన్నలకి ఫంక్షన్ వచ్చేవారం అని చెప్పాను.

ఫిబ్రవరి 24, సోమవారం

కాలేజీ వాళ్ళు ఫిల్మ్‌ని నిన్న యూట్యూబ్‌లో పెట్టారు. ఎవరో నాన్నకి పంపారు. నాన్న ఆఫీసులో, ఆ రొదలో, మొదటి నిమిషం చూసి, చివర నా పేరు చూసి, మురిసిపోయి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. “మా అమ్మాయి తీసిన సినిమా. మొదటి బహుమతి. దేవునికి స్తోత్రం.”

నేను రాజమండ్రిలో క్లాసులో ఉన్నాను. వందనాలు, చప్పట్ల బొమ్మలు వరసగా వస్తున్నాయి. ఇంతలో ఐజాక్ తాతయ్య గారి మెసేజ్. “రూతమ్మ గారి ప్రార్థన ఎంతో ఆదరణగా ఉన్నది.”

అక్కడితో గ్రూపు చప్పబడిపోయింది.

అప్పుడు తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. పేరు తీసేస్తే చాలనుకున్నాను. మా సంఘంలో ఒకరి ప్రార్థన ఇంకొకరు కళ్ళు మూసుకుని వింటారు, ప్రతి ఆదివారం, ఏళ్ళ తరబడి. ముఖాల కంటే గొంతులే బాగా గుర్తు. ఎవరి ప్రార్థనకి ఏ రాగమో, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అందరికీ తెలుసు. “నీకు తెలియనిది కాదు నాయనా” అనేది ఈ ఊళ్ళో ఒక్కరే. అమ్మని గుర్తుపట్టాక, మంచాన పడ్డ అత్తగారెవరో గుర్తుపట్టడానికి ఎంతసేపు? పది రోజులైంది ఆవిణ్ణి సమాధి చేసి.

సార్‌ని బతిమాలి వీడియో తీసేయించాను. కానీ అప్పటికే ఎవరో ఆ ఆఖరి నిమిషాన్ని కత్తిరించి వేరే గ్రూపుల్లోకి పంపేశారు. నాకంటే చురుకైన ఎడిటర్లు.

ఫిబ్రవరి 25, మంగళవారం

కాలేజీకి వెళ్ళలేదు. నిన్న ఇంటికొచ్చిన దగ్గర నుంచి అమ్మ నాతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. నాన్న రెండుసార్లు “అసలది నీ గొంతేనా?” అని అడిగితే ఊరుకుంది.

పది గంటలకి బేబి పిన్ని వచ్చింది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. పిన్ని కూర్చోలేదు.

“మా ఆయన నిన్నటి నుంచి నేను పెట్టిన అన్నం ముట్టడం లేదక్కా. మా అమ్మ కంచంలో ఏం కలిపేవే అన్నాడు. ఆడపడుచు ఫోన్ చేసి ఆ ముక్క వినిపించింది. మొత్తం వినిపించింది.”

అమ్మ కుర్చీ ఆమె వైపు జరిపింది.

“నీకు చెప్పిన మాట దేవుడి దగ్గరికి కదా ఎళ్ళాలి? కాలేజీకెలా ఎళ్ళిందక్కా?”

ఆ క్షణంలో బయటికి రావాలి. వంటింటి తలుపుకీ వాళ్ళకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. చారు గిన్నె మీద మూత సర్దుతున్నాను. దానికి సర్దాల్సిందేమీ లేదు.

అమ్మ అంది. “నేనే ఇచ్చాను బేబీ. పిల్ల చదువుకి కావాలంటే రికార్డు చేసి ఇచ్చాను. పేరు తీసేస్తే చాలనుకున్నాను. తప్పు నాదే.”

ఒక్కసారి కూడా వంటింటి వైపు చూడలేదు. మా అమ్మ నా కోసం చెప్పిన అబద్ధం ఇంతకుముందు ఒక్కటీ నాకు గుర్తు లేదు.

పిన్ని చెంగు భుజం మీదికి లాక్కుంది. “అయితే ఇంక నాకు చెప్పుకోడానికి ఎవరూ లేరన్నమాట,” అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 27, గురువారం

అమ్మ తలుపు వేసుకుంటోంది. లోపల నుంచి ఏమీ వినబడటం లేదు.

మార్చి 1, శనివారం

నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మ నా మంచం మీద కూర్చుని, “ఏదీ, చూపించు,” అంది.

వద్దమ్మా అన్నాను. “ఊరంతా చూసింది. నేను చూడకూడదేంటి?”

ఇయర్‌ఫోన్స్ తనే పెట్టుకుంది. ఆరు నిమిషాలూ నేను గోడ చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక తీసి, వైరు చుట్టలు చుట్టి చేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ భరించగలననుకున్నాను.

“నాన్న మాట తీసేశావు,” అంది.

అంతే. లేచి వెళ్ళి అంట్లు తోముకుంది.

సినిమాకి అక్కర్లేదని రాశాను ఫిబ్రవరి రెండున. సినిమాకి అక్కర్లేక కాదు. మా ఇంటి పరువు కాబట్టి కత్తెర దానంతటదే నడిచింది. బేబి పిన్నిది ఇంకొకరి పరువు కాబట్టి కళగా కనబడింది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 3, సోమవారం

సార్ ఫోన్ చేశారు. చెన్నై దరఖాస్తుకి పదో తారీఖు ఆఖరట. “ఈ ఫిల్మ్‌తో సీటు ఖాయమమ్మా, గొడవ సద్దుమణిగిపోద్ది,” అన్నారు.

స్క్రిప్టు రాయలేదని, అది దొంగతనంగా రికార్డు చేసిందని చెప్పాను. “అయ్యో, నేను చప్పట్లు కొట్టానే,” అన్నారు.

లాప్‌టాప్‌లో ఫైలు తీసేశాను. పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంది. అది బ్యాకప్, అంతే.

మార్చి 4, మంగళవారం

పెన్‌డ్రైవ్‌లోదీ తీసేశాను. అది ఉండగా పిన్ని గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లలేదు.

పిన్ని దొడ్లో అత్తగారి దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. వాళ్ళాయన లాజరు బాబాయ్ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఇద్దరికీ వినబడేలాగే చెప్పాను. అమ్మ ఇవ్వలేదు, అమ్మకి తెలియదు, నేనే ఫోను పెట్టి దొంగతనంగా తీశాను అన్నాను. బాబాయ్ పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

పిన్ని దుప్పటి పిండుతూనే ఉంది. “తెలుసులే. మీ అమ్మకి అబద్ధమాడ్డం రాదు. ఆ రోజు ఆడతా ఉంటే గొంతు ఎండిపోయింది.”

“మరి అమ్మని ఎందుకు...”

“నువ్వు తీసినా ఆవిడ ఇచ్చినా నాకొకటేనమ్మా. మాట బయటికొచ్చేసింది. నువ్వొచ్చి నాకు చెప్పేవు, నీ గుండె తేలికపడింది. నేనెవరికి చెప్పుకోను?” నా చేతిలో దుప్పటి రెండో కొస పెట్టింది. “పట్టుకో. తడి బరువు.”

ఇద్దరం కలిసి దండెం మీద వేశాం. తేలికేమీ పడలేదు.

మార్చి 7, శుక్రవారం

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల్లో మొదటి శుక్రవారం. చర్చి వరండాలో స్త్రీల కూడిక. అమ్మతో వెళ్ళాను.

మెట్ల దగ్గర చెప్పుల పక్కన ఫోన్లు. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు, ఒక్కొక్కరే వచ్చి చెప్పులు విడిచి, ఫోను పక్కన పెట్టి లోపలికి వెళ్తున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. నేనూ పెట్టాను. అమ్మ కూడా తన డబ్బా ఫోను తీసి పెట్టింది.

పాట అయ్యాక అమ్మ ఎప్పటిలాగే అడిగింది. “ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?”

మామూలుగా ఈ మాట అడిగితే అరగంట పడుతుంది. తాగే భర్తలు, ఎదురు తిరిగే కొడుకులు, రిపోర్టులో రాని జబ్బులు. ఇవాళ ఒకావిడ పిల్లల పరీక్షలు అంది. ఇంకొకావిడ ఎండలు అంది. మరొకావిడ మన దేశం అంది. అందరి ఇళ్ళల్లోనూ ఒక్కసారిగా కష్టాలు పోయాయి.

వెనక గోడకి ఆనుకుని బేబి పిన్ని కూర్చుని ఉంది. అమ్మ ఆమె వైపు చూసింది. “నాదేం లేదక్కా,” అంది పిన్ని.

నేను లేచాను. “మా అమ్మ ఇవ్వలేదండి. నేనే దొంగతనంగా రికార్డు చేశాను. మీరు అమ్మకి చెప్పిన మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు. నన్నేమన్నా అనండి, అమ్మకి చెప్పుకోవడం మాత్రం మానకండి.” ఒకావిడ చంటిపిల్ల నోట్లోంచి కొంగు లాగుతోంది. వెనక నుంచి పిన్నే అంది, “కూర్చోమ్మా.”

కూర్చున్నాను. అమ్మ కళ్ళు మూసుకుంది. అందరం మూసుకున్నాం.

పది రోజుల తరవాత ఆ ప్రార్థన గొంతు విన్నాను. పరీక్షలు రాసే బిడ్డల్ని చూడు అంది. ఎండలు తగ్గించు అంది. దేశాన్నీ, పాలించేవాళ్ళనీ, రోగుల్నీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ వరసగా అప్పజెప్పింది. అన్నీ ఉన్నాయి. ఒక్క పేరు లేదు. “నీకు తెలియనిది కాదు” అని కూడా అనలేదు.

ఎక్కడ ప్రార్థన చేసినా అమ్మ ముగించే ముందు ఒకసారి నన్ను తలుచుకుంటుంది, “నా హెలెన్‌ని విడిచిపెట్టకు” అని. చిన్నప్పుడు స్నేహితుల ముందు సిగ్గేసేది. ఇవాళ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు బిగించుకుని ఆ మాట కోసం ఎదురు చూశాను.

ఆమేన్ వచ్చేసింది.